ఒక్క బొట్టు నెత్తురు

అనగనగా మణిగిరి అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకి ఒక సేనాని. ఆ సేనాని నేనేనర్రా! నేను మీసం దువ్వితే శత్రువుల ఏనుగులు వెనక్కి నడిచేవి.

ధూమకర్ణి అనే మాంత్రికుడు దండెత్తి వచ్చి మా రాజును చంపాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉంది. నేను ఊరుకుంటానా? మూడు సముద్రాలు ఈదాను. మూడు సముద్రాలు మొసలి మీద దాటాను. ఏడో సముద్రం నన్ను చూసి తనే పక్కకు తప్పుకుంది.

"అయ్యా, నీ కత్తి కంటే నీ కబుర్లే బరువు" అని మూలిగింది మొసలి.

చిలుక నా చేతికి చిక్కగానే మాంత్రికుడు కాళ్ల మీద పడ్డాడు. "దాన్ని చంపకు, నా సేనను వెనక్కి తీసుకెళ్తాను" అన్నాడు. సరేనని మాట ఇచ్చాను. యుద్ధం ఆగింది.

ఇక నన్నే రాజును చేస్తామన్నారు. కానీ మణిగిరిలో ఒక ఆచారం ఉంది. కొత్త రాజు నుదుట శత్రువు గుండె నెత్తుటితో తిలకం దిద్దాలి.

"ఒక్క బొట్టు చాలు ప్రభూ, చిలుకను ఇలా ఇవ్వండి" అన్నాడు మంత్రి కేసరిదత్తుడు.

"గుండె కోస్తే చిలుక చస్తుంది, చంపనని మాట ఇచ్చానయ్యా!"

"యుద్ధంలో ఇచ్చిన మాట యుద్ధంతోనే పోయింది."

సభ రోజుల తరబడి వాదించింది. పిల్లలూ, ఏడు సముద్రాలు దాటినప్పుడు రాని అలుపు నాకు ఆ సభలో వచ్చింది. చివరికి ద్రోహి అన్నారు, దేశం విడిచి పొమ్మన్నారు. కోట ద్వారం దగ్గర మంత్రి మళ్లీ అడిగాడు, "ఒక్క బొట్టు చాలు ప్రభూ!" నేను పంజరం భుజాన వేసుకుని ఈ దీవికి వచ్చేశాను.

ఏళ్లు గడిచాక ఓడ వచ్చింది. దిగింది మంత్రే, జుట్టంతా నెరిసింది. "సింహాసనం ఇంకా ఖాళీగానే ఉంది. ఒక్క బొట్టు చాలు."

ఓడలోంచి మా వాళ్ల మాటలు, మా వంటల వాసన. నా చెయ్యి పంజరం దాకా వెళ్లింది.

"ఇంటికి పోవాలనుందా?" అంది చిలుక.

"ఉందే."

"నాకు భయంగా ఉంది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వంద ఏనుగుల్ని ఎత్తి విసిరిన చెయ్యి, ఆ పూట దాన్నే మోయలేకపోయాను.

ఓడ వెళ్లిపోయింది. సంగతి తెలిసి మాంత్రికుడు తన కూతురు నాగమల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. "నా ప్రాణం ఎలాగూ నీ దగ్గరే ఉంది. ఈ పిల్లనూ నువ్వే ఏలుకో" అన్నాడు.

"వయసుకేముంది నాన్నా, మాట మీద నిలబడ్డాడు" అంది నాగమల్లి, నన్ను ఎగాదిగా చూసి.

పెళ్లికి తిమింగలాలు మేళం పట్టాయి. మొసలి పెళ్లిపెద్ద. మణిగిరి నుంచి మాత్రం ఒక్కరూ రాలేదు.

ఆ తర్వాత మేమిద్దరం ఈ దీవిని ఎన్నో ఏళ్లు చల్లగా ఏలాం, ఇంకా ఏలుతున్నాం. ఒక్కటే కట్టడి. సాయంత్రాలు నాగమల్లి నన్ను తూర్పు ఒడ్డున కూర్చోనివ్వదు. మణిగిరి అటే.