తవిటమ్మ బిందె

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మీ తాతకి తాత ఉగ్గు తాగే రోజులు. ఒక ఊళ్ళో తవిటమ్మ అని ఉండేది. ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదని, ఈ పిల్లనైనా దక్కించమని చాటెడు తవుడికి అమ్మి మళ్ళీ కొనుక్కున్నారట. అందుకే ఆ పేరు. ఎవరింట పెళ్ళయినా నీళ్ళు మోసేది ఆమే. నెత్తిన గడ్డితో చుట్టిన చుట్టకుదురు, దాని మీద బిందె. పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం నీళ్ళు, సాయంత్రం నీళ్ళు.

ఆ కాలంలో పెళ్ళికూతురి వేలికి ఉంగరం అత్తగారే తొడిగేది. పెళ్ళికొడుకు ఆ పిల్ల వంక తలెత్తి చూస్తే ఒట్టు!

ఓసారి సూరీడమ్మ అనే పిల్ల పెళ్ళి వచ్చింది. అత్తగారు సన్నాసమ్మ మహా జాగ్రత్త మనిషి. కోడలి ఉంగరం మూటలో ఉంటే పోతుందని తన చిటికెన వేలికే పెట్టుకుంది. ఆ చేత్తోనే కొడుక్కి నూనె రాసింది. ఆ నూనె చేత్తోనే పెళ్ళిబిందెలో పసుపు కలిపింది. తీరా ముహూర్తానికి చూసుకుంటే వేలు బోసిగా ఉంది.

"అయ్యో నా ఉంగరం! నూనె రాసేటప్పుడు తీసి పీట మీద పెట్టుంటాను. పీట పక్కన నీళ్ళు దింపింది ఇదే!" అని తవిటమ్మ మీద పడింది.

"తీశావా?"

"నేదమ్మా. నీళ్ళే మోసాను, నీళ్ళే ముట్టాను."

కొంగు దులిపారు. లేదు.

"తీశావా?"

"నేదమ్మా. నీళ్ళే మోసాను, నీళ్ళే ముట్టాను."

గుడిసె వెతికారు. లేదు.

"తీశావా?"

"నేదమ్మా. నీళ్ళే మోసాను, నీళ్ళే ముట్టాను."

చుట్టకుదురు పీకి గడ్డంతా చెల్లాచెదరు చేశారు. అందులోనూ లేదు.

"ఉంగరం దొరక్కపోతే మా పల్లకీ వెనక్కే" అంది సన్నాసమ్మ. "అయితే నువ్వూ ఊరు వదలాలి తవిటీ" అన్నాడు ఊరిపెద్ద. పెళ్ళికూతురు గొల్లుమంది. తవిటమ్మకి ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండింది.

"నా సుట్టకుదురు ఇప్పారు గదా! పసుపు కలిపిన సెయ్యి ఎవలిది? ఆ బిందె కూడా సూడండి."

పెళ్ళి కాకుండా పసుపునీళ్ళు పారబొయ్యకూడదు. చెయ్యి పెట్టే వెతకాలి. ఎవరు పెట్టాలి? ఆడపెళ్ళివారు పెడితే, దొంగిలించింది మీరే అంటారు. మగపెళ్ళివారు పెడితే, దాచింది మీరే అంటారు.

"రేపట్నించి కలిసి బతికేది ఆళ్ళిద్దరూను. ఆళ్ళనే పెట్టమనండి" అంది తవిటమ్మ.

పెట్టారు. మొదటిసారి నీళ్ళే తగిలాయి. రెండోసారి చెయ్యికి చెయ్యి తగిలింది. ఇద్దరూ ఉలిక్కిపడి లాక్కున్నారు. పందిరంతా ఒకటే నవ్వు! మూడోసారి ఉంగరం తగిలింది. పైకి తీస్తే ఇద్దరి వేళ్ళ మధ్యా ఉంది, ఒకరూ వదలరు.

సన్నాసమ్మకి తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదే తవిటమ్మా" అంది.

"ఇంకెవలింటనైనా వస్తువు పోతే ముందు బిందె సూడండమ్మా. మనిషిని తరవాత సూద్దురు" అంది తవిటమ్మ. చెల్లాచెదరైన గడ్డి ఏరుకుని, మళ్ళీ చుట్టకుదురు చుట్టుకుని నీళ్ళకి వెళ్ళింది. పెళ్ళిభోజనాలకి నీళ్ళెవరు తెస్తారు మరి!

ఆమె పోయి ఎన్ని తరాలయిందో. ఇప్పటికీ ఆ వైపు పెళ్ళయితే బిందెలో ఉంగరం వేసి, మూడుసార్లు తీయిస్తారు. ఆ బిందెని ఉత్త నేల మీద పెట్టరు. కింద చుట్టకుదురు ఉండాల్సిందే. ఇక ఇంట్లో ఏదన్నా కనపడక, ఎవరైనా పనిమనిషి మీద నోరు లేపారో, ముసలమ్మలు ఊరుకోరు.

"ముందు బిందె చూశావుటే?" అంటారు.