దివానుగారి జున్ను

కొండ మీది జలపాతం చూడవచ్చే బాటసారులకు వండిపెట్టి నూకాలు బతికేది. వచ్చినవాళ్ళలో కలిగినవారు పోతూపోతూ పాడి లేని ఇంటికి ఒక పశువును ఇచ్చిపోవడం ఆ కొండ మీద మామూలు. నూకాలు గేదె చచ్చిపోయి, అతిథులకు మజ్జిగ చుక్క కూడా పోయలేకపోతోందని విని దివాను జగ్గరాయణిం బాజాలతో దిగాడు. బాటసారులందరూ చూస్తుండగా ఒక గేదె పలుపు ఆమె చేతిలో పెట్టాడు.

అది ఈనడం ఎప్పుడో మానేసిన ముసలి గేదె. వద్దంటే దివానుకు కోపం, తీసుకుంటే మేత దండగ. నూకాలు దాని నుదుట బొట్టు పెట్టి, అరుగు మీద చాప పరిచింది.

"కూర్చోండి బాబూ. గేదెనిచ్చినవారు దాని జున్ను తినందే ఊరు కదలకూడదని మా ఆచారం."

"కోటకు పంపించు."

"జున్ను పొలిమేర దాటితే పాడి పోతుంది బాబూ. అది ఈనేదాకా ఉండండి, అంబలి కాచి పోస్తాను."

బాటసారులు ముచ్చటపడ్డారు. తామూ ఉండి చూసి, ఈ దానం సంగతి రాజుగారి చెవిన వేస్తామన్నారు.

దివాను గేదెను చూశాడు, అంబలిని చూశాడు. పాలేరు పొరపాటున వేరేదాన్ని తోలుకొచ్చాడని అందరికీ చెప్పి, కోటకు కబురంపాడు. తెల్లారేసరికి కొత్తగా ఈనిన గేదె దూడతో సహా వచ్చింది. ముసలిది వెనక్కి పోయింది.

నూకాలు బెల్లం, మిరియాలు వేసి జున్ను వండింది. రెండోసారి పెట్టించుకుంటూ దివాను అడిగాడు.

"ఈ ఆచారం మీకు ఎప్పటినుంచి ఉందే?"

"నిన్నటి నుంచి బాబూ," అంది నూకాలు.