ఆరుసార్లు పలికిన మాట

బందరు రేవు దగ్గర దర్గాలో కలీముల్లా అనే శిష్యుడు ఉండేవాడు. మూడేళ్లుగా అతని దిగులంతా ఒక్క మాట గురించే. ఆ మాట నీరు.

భాషలన్నీ ఒకే తల్లి బిడ్డలని నిరూపించడానికి పుస్తకం రాస్తున్నాడు. ఆ మాట మాత్రం లొంగడం లేదు. 'నీర్' అంటే అరబ్బీలో ఎడ్ల మెడ మీది కాడి. 'నీరూ' అంటే ఫారసీలో బలం. తాగే నీళ్లన్న అర్థం ఈ దేశం దాటితే ఎక్కడా దొరకలేదు.

"ఇంకొక్క భాషలో దొరికితే చాలు బాబా" అని గురువు మస్కీన్ షా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. ముసలాయన విని ఊరుకునేవాడు.

ఆ ఎండాకాలం ఒక ఓడ, జ్వరంతో ఉన్న గ్రీకు నావికుణ్ణి రేవులో దించేసి వెళ్లిపోయింది. గురువు అతన్ని బాటసారులు దిగే సరాయిలో పడుకోబెట్టించి, కలీముల్లాను తోడు ఉంచాడు.

"కనిపెట్టుకుని ఉండు నాయనా" అన్నాడు.

పొద్దు వాలుతుండగా కలీముల్లా చెమటలు కక్కుతూ దర్గాకు వచ్చాడు. చంకలో పుస్తకం. మస్కీన్ షా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"దొరికింది బాబా! ఆ గ్రీకువాడు 'నెరో' అన్నాడు. మూలనున్న కూజా వైపు వేలు చూపించి మరీ అన్నాడు. సరిగ్గా రాసుకుందామని ఆరుసార్లు పలికించాను. చివరిసారి గొంతు పూర్తిగా పెగల్లేదు గానీ, మాట అదే."

ఆ సంగతి చెబుతున్నప్పుడు అతని మొహం వెలిగిపోయిందట. తలుచుకుంటే, ఈ కథ చెబుతున్న నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"అట్నించి అటే రేవులో ఉండే ఆర్మేనియా వర్తకుడి దగ్గరికి పరుగెత్తాను. ఆ దేశాలన్నీ తిరిగినవాడు కదా. 'నెరో' అంటే పూర్వం తాజాది అని అర్థమట. తాజా నీళ్లు, తాజా నీళ్లు అనీ అనీ, చివరికి తాజా అన్న ముక్కే నీళ్లకు పేరైపోయిందట. మన మాటకు చుట్టం కాదంటాడు. నేను ఒప్పుకోలేదు. ఇంతసేపూ వాదనే."

కలీముల్లా పక్క మెట్టు మీద చతికిలబడ్డాడు.

"గొంతు పిడచగట్టుకుపోయింది బాబా. కాసిని నీళ్లు ఇప్పించండి."

మస్కీన్ షా అతని పుస్తకం తీసుకున్నాడు. తెరిచి, కలం సిరాలో ముంచాడు.

"మళ్లీ అను."

కలీముల్లా నవ్వాడు. "నీళ్లు."

గురువు నెమ్మదిగా రాసుకున్నాడు. "సరిగ్గా వినపడలేదు. మళ్లీ."

"నీళ్లు బాబా."

"ఇంకోసారి."

ఈసారి కలీముల్లా నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. చటుక్కున లేచి, మెట్ల పక్కనున్న కూజా ఎత్తుకుని సరాయి వైపు పరుగు తీశాడు.

"ఆగు" అన్నాడు గురువు. "మధ్యాహ్నమే నేను వెళ్లొచ్చాను."

"తాగాడా?"

"నోట్లో పోశాను. పక్కనుంచి కారిపోయాయి. ఇప్పుడు గోరీ తవ్వుతున్నారు."

కూజా దించి, కలీముల్లా ఏడుస్తూ వచ్చి పుస్తకం లాక్కున్నాడు. మూడేళ్ల కాగితాలను రెండు చేతులా పట్టుకుని చింపబోయాడు. గురువు ఆ చేతుల మీద చెయ్యి వేసి ఆపాడు.

"చింపకు. పలికించాను అని రాశావే, అది కొట్టెయ్. అడిగాడు అని రాయి. ఆరుసార్లు."