చెకుముకి సంచీ, చిలుక పరుపు

చిన్న కథే, అన్నం ఉడికేలోపు అయిపోతుంది. అనగనగా చిత్రభానుడని ఒక రాజు. ఆయన రాజ్యంలో నిప్పు పుట్టించడం ఎవరికీ రాదు. పొయ్యి ఆరితే పిడక పట్టుకుని పక్కింటికి పోవడమే. పోయినవాళ్లు వట్టి నిప్పుతో తిరిగొస్తారా? ఆ ఇంట్లో కూరేమిటో, అత్తాకోడళ్లకు మాటలెందుకు లేవో కూడా తెచ్చుకునేవారు. రాణిగారైతే పొయ్యి భగభగా మండుతున్నా పిడకతో బయలుదేరేవారు. సరే, ఆవిడ గొడవ మనకెందుకు.

ఒక వానాకాలం కరకంఠుడనే మాంత్రికుడు వచ్చి రాజ్యంలోని నిప్పంతా మూటగట్టుకుపోయాడు. ముసలిరాజు చలిజ్వరంతో మంచమెక్కాడు. వెచ్చదనం తగలకపోతే బతకడన్నాడు వైద్యుడు. ఆయన చెప్పింది నిజమైనది ఆ ఒక్కసారే.

"నిప్పు తెచ్చినవారికే నా రాజ్యం" అన్నాడు రాజు, పళ్లు టకటకలాడుతుంటే.

పెద్దకొడుకు బంగారు కుంపటితో వెళ్లి, మొదటి సముద్రంలో నీళ్లు ఎక్కువగా ఉన్నాయని తిరిగొచ్చాడు. రెండోవాడు వెండి కుంపటితో వెళ్లి, రెండో సముద్రంలో ఇంకా ఎక్కువగా ఉన్నాయని తిరిగొచ్చాడు. మూడోవాడు కుశాంకుడికి కుంపటి మిగల్లేదు. నాన్నను తలుచుకుంటూ వట్టి చేతులతో నడిచాడు.

అడవిలో ఎలుగుబంటి ఎదురై ఒక తోలుసంచీ ఇచ్చింది. "వేటగాడొకడు నన్ను చూసి ఇది పారేసి పరిగెత్తాడయ్యా. తిందామంటే పన్ను విరిగింది. వాడు ఈ ఉక్కుముక్కతో ఆ రాయిని గీకేవాడు."

సంచీలో చెకుముకి రాయి, ఉక్కుముక్క, మూతపెట్టిన వెదురుగొట్టంలో దూది. అంతే. మొలకు కట్టుకుంటే బరువే తెలియదు. కుశాంకుడు గీకాడు. రవ్వ రాలింది, దూది అంటుకుంది. వానలో చెట్టుకింద గీకితే వెలిగింది. గాలిలో దోసిలి అడ్డుపెట్టి గీకితే వెలిగింది. నడిసముద్రంలో పడవ అడుగున గీకినా వెలిగింది! ఎంత బుద్ధిమంతుడు చేశాడో ఆ సంచీని! దాంతో అటునుంచటే ఇంటికి తిరగొచ్చని మాత్రం తోచలేదు. కుశాంకుడు కనపడిన ప్రతి చేపకూ దాన్ని తీసి చూపించాడు. చూపించి చూపించి, గొట్టానికి మూతపెట్టడం మరిచాడు.

ఏడు సముద్రాలు దాటి మాంత్రికుడి గుహ చేరి, వాడి ప్రాణమున్న చిలుక పంజరం చేతబట్టుకున్నాడు.

"ఏదిరా మా నిప్పు?"

"చలేసి అంతా కాచుకున్నా బాబూ" అన్నాడు కరకంఠుడు.

"మా నాన్నకు దొంగిలించడమే వచ్చు, ముట్టించడం రాదు" అంది వాడి కూతురు కుముదిని. చిలుకతోపాటు తండ్రీకూతుళ్లూ కుశాంకుడి వెంట బయలుదేరారు.

ఇల్లు చేరేసరికి రాజుకు మాట పడిపోయింది. కుశాంకుడు మంచం పక్కన కూర్చుని గీకాడు. రవ్వలు రాలాయి. దూది తడిసిపోయి ఉంది. మళ్లీ గీకాడు. మళ్లీ రాలి ఆరిపోయాయి. వేళ్లు చిట్లి రక్తం కారుతున్నా గీకుతూనే ఉన్నాడు.

"ఏడవకు నాయనా" అంది చిలుక. "నా పరుపులో బూరుగు దూది ఉంది. పొడిగా ఉంది. తీసుకో."

అది పెట్టి గీకాడు. దూది అంటుకుంది. కుంపటి రాజుకుంది. కాసేపటికి రాజు కళ్లు తెరిచి, "నిప్పు తెచ్చిందెవరు?" అన్నాడు.

"రవ్వ నాది నాన్నగారూ. నిప్పు మాత్రం ఈ చిలుకది" అన్నాడు కుశాంకుడు.

రాజు ఆడిన మాట తప్పేవాడు కాదు. కుశాంకుడికీ కుముదినికీ పెళ్లయింది. పట్టాభిషేకం చిలుకకు జరిగింది. అది చాలా ఏళ్లు బాగానే ఏలింది.