దైవాశీర్వాదం మాస్టారి ముప్పై ఒక్క పాటలు

చీరాల గడియారస్తంభం దగ్గర కంప్యూటర్ సెంటర్ నడిపే ఇందుమతికి పనితనం మెండుగా ఉండేది గాని, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగే ఓపిక బొత్తిగా ఉండేది కాదు.

ఎవరైనా షాపులోకి వచ్చి నోరు తెరిస్తే చాలు, సగం మాట వాళ్లు చెప్పేవారు, మిగతా సగం తనే పూర్తి చేసేది. "తెలుసు, తెలుసు" అనేది ఆమె ఊతపదం. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆమె ఊహ సరిగ్గానే ఉండేది. అందుకని ఆ అలవాటును ఆమె తెలివి అనుకునేది. పదోసారి మాత్రం తంటా వచ్చేది. ఒకసారి పందిళ్లపల్లి నుంచి ఒక రైతు వచ్చి, ఫోనులో కొడుకు ఫోటో చూపించి, "అమ్మా, ఈ ఫోటోలో..." అన్నాడు. "తెలుసు, పాస్‌పోర్టు సైజే కదా!" అంటూ ఇందుమతి ఆ పిల్లాడి ముఖం వరకే కత్తిరించి పదహారు కాపీలు తీసి చేతిలో పెట్టింది. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "వాడు ఇంట్లోనే ఉన్నాడమ్మా. వాడి వెనకాల ఉందే, ఆ గేదె తప్పిపోయింది" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లంతా పడీ పడీ నవ్వారు. ఇందుమతి కూడా నవ్వేసింది. అలవాటు మాత్రం మారలేదు.

నవంబరులో ఒకరోజు దైవాశీర్వాదం మాస్టారు ఆమె షాపుకు వచ్చాడు. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు గాని, ఊరంతా ఆయన్ని ఎరిగింది పాటల మాస్టారుగానే. తమ పేటలోని చర్చికి పాటలు కట్టేదీ, పాడేవాళ్లకు నేర్పేదీ ఆయనే. పాతికేళ్ల కిందట మద్రాసు వెళ్లి, సెకండ్‌హ్యాండులో ఒక పెద్ద కీబోర్డు కొనుక్కొచ్చాడు. వయొలిన్, ఫ్లూటు, డ్రమ్ములు, గంటలు, అన్ని ధ్వనులూ అందులో పలికేవి. ఒక్కో వాయిద్యాన్నీ విడిగా వాయించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పాట మొత్తాన్ని దాని లోపలే దాచుకోవచ్చు. అలా క్రిస్మస్‌కు ఒకటో రెండో చొప్పున ముప్పై ఒక్క పాటలు దాచాడు.

"ఆ పాటలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలమ్మా" అన్నాడు మాస్టారు. "మా చర్చికి డెబ్బై ఐదేళ్లు నిండుతున్నాయి. క్రిస్మస్ ముందు ఆదివారం పాటలన్నీ పాడించాలనుకుంటున్నాం. కీబోర్డును అక్కడికి తీసుకెళ్లే వీలు లేదు. ఎందుకంటే దానికి..."

"తెలుసు మాస్టారూ, బరువెక్కువ."

"బరువు సంగతి కాదు తల్లీ. దాని లోపల..."

"లోపలంతా పాతబడి ఉంటుంది. జాగ్రత్తగా చూసుకుంటాలెండి. పాటలు బయటికి తీసే ఫ్లాపీ పనిచేస్తోందా?"

"అది ఎప్పుడో పోయింది."

"అయితే వైరు పెట్టి ఎక్కించాలి. అక్కడ పాట మొదటి నుంచి చివరిదాకా మోగుతుంటే, ఇక్కడ కంప్యూటర్ దాన్ని పట్టుకుంటుంది. రేపు పదింటికి మీ ఇంటికి వస్తాను."

మాస్టారు చెప్పాలనుకున్న మాట గొంతులోనే ఉండిపోయింది. ఇంటికి వస్తుందిగా, అప్పుడు చెబుదాంలే అనుకుని వెళ్లిపోయాడు.

ఆయన చెప్పాలనుకున్నది చాలా చిన్న సంగతి. పాటల్ని గుర్తుపెట్టుకోవడానికి ఆ కీబోర్డు లోపల ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. రెండేళ్ల కిందట అది అయిపోవచ్చింది. మార్చాలంటే కీబోర్డు విప్పాలి. విప్పాలంటే కరెంటు తీయాలి. కరెంటు తీస్తే పాటలన్నీ పోతాయి. అందుకని రెండేళ్లుగా ఆయన ఆ ప్లగ్గు తీయలేదు. కరెంటు పోయినా ఆగిపోకుండా, దానికోసమే ఒక ఇన్వర్టర్ పెట్టించాడు. ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయినా కీబోర్డు మీది ఎర్రలైటు మాత్రం వెలుగుతూనే ఉండేది.

మర్నాడు ఇందుమతి చెప్పిన వేళకే వచ్చింది. ముందుగదిలో కిటికీ పక్కన కీబోర్డు ఉంది. దాని మీద మాస్టారి భార్య కరుణమ్మ అల్లిన లేసుగుడ్డ కప్పి ఉంది. మాస్టారు ఆ గుడ్డ తీసి, "అమ్మా, మొదలుపెట్టే ముందు ఒక్క మాట" అన్నాడు. అంతలో వీధిలో గ్యాసు బండి ఆగింది. "ఏమండీ, సిలిండరొచ్చింది, ఒకసారి రండి!" అని వంటింట్లోంచి కరుణమ్మ కేకేసింది.

"నేనొచ్చేదాకా దేన్నీ..." అంటూ మాస్టారు లేచాడు.

"తెలుసు మాస్టారూ, మీరు వెళ్లిరండి!"

ఇందుమతి లాప్‌టాప్ తెరిచింది. ఛార్జింగు తక్కువగా ఉంది. బల్ల కింద వంగి చూస్తే ఒకే ఒక ప్లగ్గు పాయింటుంది, దానికి కీబోర్డు తగిలించి ఉంది. తన సంచీలో ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉండనే ఉంది. దాన్ని గోడకు పెట్టి, లాప్‌టాపూ కీబోర్డూ రెండూ దానికే తగిలిస్తే సరిపోతుందనుకుంది. కీబోర్డు ప్లగ్గు పీకింది. ఎర్రలైటు ఆరిపోయింది. బాక్సు పెట్టి మళ్లీ తగిలించింది. లైటు వెలిగింది. పట్టుమని పది సెకండ్లు కూడా పట్టలేదు.

వైరు కలిపి మొదటి పాట మీట నొక్కింది. చప్పుడు లేదు. రెండోది నొక్కింది. లేదు. పాటల పేర్లు చూద్దామని కీబోర్డు మీది చిన్న తెరలో జాబితా తిప్పింది. అంకెలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన ఒక్క పేరూ లేదు. బరువు సంగతి కాదు తల్లీ, దాని లోపల... అని ఆయన అన్న మాట అప్పుడు చెవిలో పడింది, ఒక రోజు ఆలస్యంగా.

మాస్టారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. ఖాళీ తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కరెంటు పోయిందా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. "ఇన్వర్టర్ కూడా మొరాయించిందా ఏమిటి?"

అవునంటే చాలు. అడిగేవాళ్లూ లేరు, చూసినవాళ్లూ లేరు. తప్పంతా ఇన్వర్టర్ మీదికి పోతుంది. ఇందుమతి నాలుక చివరిదాకా ఆ మాట వచ్చింది. కాని ఆయన ముఖం చూసి చెప్పలేకపోయింది.

"కరెంటు పోలేదు మాస్టారూ. ప్లగ్గు నేనే తీశాను."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. కరుణమ్మ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. సంగతి విని లబోదిబోమంది. "నిన్నటి నుంచి ఈయన చెప్పబోతూనే ఉన్నాడమ్మాయ్! ఒక్కసారైనా నోరు మెదపనిచ్చావా?"

"ఊరుకో కరుణా" అన్నాడు మాస్టారు. "ఆ అమ్మాయి నిజం చెప్పింది. లేకపోతే ఇన్వర్టర్ అమ్మినవాడితో నెల్లాళ్లు పోట్లాడి ఉండేవాణ్ణి" అన్నాడు.

ఇందుమతి కళ్లు తుడుచుకుంది. "మీకు గుర్తున్నంత మళ్లీ వాయించండి మాస్టారూ. ఎన్ని రోజులైనా కూర్చుని ఎక్కిస్తాను."

"మాటలు నోటుబుక్కులో ఉన్నాయి. వరసలు నోటికి వచ్చు. కాని చరణాల మధ్య సంగీతం, ఏ వాయిద్యం ఎక్కడ ఎత్తుకోవాలి, ఎక్కడ ఆగాలి, అదంతా ఈ పెట్టెకు అప్పగించేశాను. గుర్తుంచుకోవడం దాని పని అనుకున్నాను."

"ఇంకెవరికైనా గుర్తుంటుందా?"

"పాడినవాళ్లకు ఉండొచ్చు. కాని వాళ్లు అడగ్గానే టకటకా చెప్పేవాళ్లు కారమ్మా. కూర్చుని వినాలి."

"వింటాను" అంది ఇందుమతి.

అది చెప్పినంత తేలిక కాలేదు. నోరు ఊరుకోదని ఆమెకే తెలుసు. అందుకని దారిలో ఒక లవంగాల పొట్లం కొనుక్కుంది. ఎవరి ఇంటికి వెళ్లినా ముందు ఒక లవంగం బుగ్గన పెట్టుకుని, ఫోనులో రికార్డింగు నొక్కి, చేతులు కట్టుకుని కూర్చునేది.

మొదట టైలరు మరియదాసు దగ్గరికి వెళ్లింది. "ఎనిమిదో పాటా?" అన్నాడాయన. "అది చెప్పాలంటే ముందు నా మిషను సంగతి చెప్పాలి." మిషను ఎలా కొన్నాడో చెప్పాడు. దాని మీద మొట్టమొదట బావమరిదికి ప్యాంటు కుడితే ఒక కాలు పొట్టిదైన సంగతి చెప్పాడు. ఆ ప్యాంటుతోనే బావమరిది పెళ్లిచూపులకు వెళ్లిన సంగతి కూడా చెప్పాడు. ఇందుమతి నోట్లో రెండు లవంగాలు అయిపోయాయి. "తెలుసు, అసలు సంగతికి రండి" అనాలని ప్రాణం లాగేసింది. బుగ్గ కొరుక్కుని ఊరుకుంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే మరియదాసు కాళ్లు మిషను తొక్కడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడుకు అనుగుణంగా ఒక వరస గొంతులోంచి సాగింది.

"ఇదేనమ్మా ఎనిమిదో పాట మధ్యలో వచ్చేది! మాస్టారు ఈ స్టూలు మీదే కూర్చుని కట్టాడు. నా మిషను వేగమే దానికి తాళం."

తర్వాత ఆస్పత్రిలో నర్సు సలోమి. ఆమె పాట సంగతి వదిలేసి తుఫాను కథ ఎత్తుకుంది. ఆ ఏడు చర్చి మీది రేకులు లేచిపోయాయట. జనమంతా చినుకుల్లో నిలబడే పాడారట. "అందుకే ఆ పాట రెండో చరణానికి ముందు గంటలు రెండుసార్లే మోగుతాయి" అంది సలోమి. "మూడోసారి కొట్టబోతుంటే గాలికి గంట ఊడి కింద పడిందిగా! మాస్టారు పాటలో కూడా దాన్ని అలాగే ఉంచేశాడు." ఇందుమతి పకపకా నవ్వింది. మధ్యలో అడ్డం వెళ్లి ఉంటే ఆ గంటల సంగతి తనకు ఎన్నటికీ తెలిసేది కాదని కూడా అనుకుంది.

అలా తొమ్మిదిమంది ఇళ్లు తిరిగింది. పొద్దున షాపు, మధ్యాహ్నం నుంచి పాటల వేట. తెచ్చిన ముక్కల్ని సాయంత్రం మాస్టారికి వినిపించేది. వింటూ ఉంటే ఆయన వేళ్లకు ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. పాట కుదరగానే కీబోర్డు మీద వాయించేవాడు. ఇందుమతి చెవులకు హెడ్‌ఫోను పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా కదలకుండా విని, కంప్యూటర్లోకి ఎక్కించేది. ఒకరోజు ఆమే చెయ్యెత్తి ఆపింది. "మాస్టారూ, ఇక్కడ ఫ్లూటు కాస్త ముందుగా వచ్చేసింది. సలోమి గారు ఊపిరి తీసుకున్నాకే రావాలి."

మాస్టారు కళ్లజోడు పైకి తోసి ఆమెను చూశాడు. "నీకూ చెవులున్నాయమ్మా!" అన్నాడు. కరుణమ్మతో సహా ముగ్గురూ గొల్లున నవ్వారు.

మూడు వారాల్లో ఇరవై తొమ్మిది పాటలు కుదిరాయి. రెండు మాత్రం ఎవరికీ సరిగ్గా గుర్తు రాలేదు. ఆ సాయంత్రం మాస్టారు దిగులుగా కూర్చుంటే, కరుణమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ తనలో తాను ఏదో పాడుకుంటోంది. ఇందుమతి ఆమె వైపు జరిగి, ఏమీ అడగకుండా పాట పూర్తయ్యేదాకా వింది. అప్పుడు అడిగింది.

"ఇది ఎన్నో పాట పిన్నిగారూ?"

"ఇదా? ఇది ఏ లెక్కలోదీ కాదులే. మా పెళ్లయిన కొత్తలో ఈయన హార్మోనియం మీద కట్టాడు. అప్పటికి ఈ కీబోర్డు ఎక్కడుంది?"

మాస్టారు నోరు తెరుచుకుని చూశాడు. "నేనే మరిచిపోయాను కరుణా! ఇన్నేళ్లుగా దీన్ని పాడుకుంటున్నావా?"

"రోజూ వంటింట్లో పాడుతూనే ఉన్నాను. మీరు విన్నారా?" అంది కరుణమ్మ.

మాస్టారు లేచి, పాత హార్మోనియం దించి దుమ్ము దులిపాడు. ఆ పాటా ఎక్కింది. పాటలన్నీ రెండు కాపీలు తీసి, ఒకటి మాస్టారింట్లో, ఒకటి చర్చి బీరువాలో పెట్టారు. ఇక కీబోర్డులో పోవడానికేమీ మిగల్లేదు గనక, మాస్టారు రెండేళ్ల తర్వాత తన చేత్తోనే ప్లగ్గు తీశాడు. మెకానిక్ వచ్చి అరగంటలో కొత్త బ్యాటరీ వేసి వెళ్లాడు. ఇన్వర్టర్‌ను కరుణమ్మ ఆ పూటే ఫ్యాన్లకు పెట్టించుకుంది.

క్రిస్మస్ ముందు ఆదివారం ఉదయం చర్చి నిండిపోయింది. బయట షామియానా వేయాల్సి వచ్చింది. కంప్యూటరు సంగీతం మోగుతుంటే, దానికి తోడుగా మాస్టారు కీబోర్డు మీద కూడా వాయించాడు. గంటలు రెండుసార్లు మోగి ఆగినప్పుడు పాడేవాళ్లంతా సలోమి వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. కరుణమ్మ పాట వచ్చినప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై పాటలూ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఒక్కరూ కదల్లేదు.

చివర మాస్టారు ఇందుమతిని ముందుకు పిలిచాడు. "నా పాటలన్నీ పోగొట్టింది ఈ అమ్మాయే, మళ్లీ తెచ్చిపెట్టిందీ ఈ అమ్మాయే. రెండు తగ్గాయి, ఒకటి పెరిగింది. పెరిగిన ఆ ఒక్కటి మా ఆవిడది గనక, నేను నష్టపోయానని అంటే ఇంట్లో భోజనం దొరకదు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సిగ్గుపడుతూనే ఇందుమతి కూడా నవ్వింది.

ఆ తర్వాత ఆమె షాపులో పని మునుపటంత చురుగ్గా సాగేది కాదు గాని, చేసిన పనిని రెండోసారి చేయాల్సి వచ్చేదీ కాదు. ఎవరొచ్చినా ముందు కుర్చీ చూపించి, "చెప్పండి" అనేది. వాళ్లు చెప్పడం ముగించాకే కీబోర్డు మీద చెయ్యి వేసేది.

నీతి: ఎదుటివారి మాటను పూర్తిగా విన్న తర్వాతే పనికి పూనుకోవాలి. మనకు కావలసిన సంగతి చాలాసార్లు మనం మధ్యలో తుంచేసిన మాటలోనే ఉంటుంది.