తిరిగి రమ్మనని చిలుక

అనగనగా, ఆకాశం మన మిద్దెలకు ఇంకా దగ్గరగా ఉండిన రోజుల్లో, రత్నగిరిని ఏలే రాజు ఒకడుండేవాడు. ఆయన కుమారుడు మణికేతుడు. అతడు వరించిన రాకుమారి హిరణ్మయిని ధూమ్రాక్షుడనే మాంత్రికుడు శిలగా మార్చివేశాడు. వాడి ప్రాణం ఆకాశంలోని ఏడు చీకటి సముద్రాలకు ఆవల, ఒక ఒంటరి నక్షత్రం మీది నీలిదీపంలో ఉంది. ఊపిరి ఉన్నదేదీ అక్కడ బతకదు.

అందుకని మణికేతుడు ఊపిరి లేని రాగిచిలుకను చేశాడు. దాని పలుకు కోటలోని శంఖంలో వినబడేది. చెప్పిన మాటను అది పొల్లుపోకుండా పాటించేది.

మొదటి చిలుకకు మహారాణి కుంకుమ దిద్ది, "వెళ్ళిరా తల్లీ" అంది. మూడు సముద్రాలు దాటాక శంఖం పలికింది: "సగం బలం అయిపోయింది. రమ్మన్నారుగా, వస్తున్నాను."

రెండవ చిలుకను సాగనంపుతూ మహారాజూ అదే మాట అన్నాడు. అదీ వెనుదిరిగింది.

"నాన్నగారూ, మీరూనా!"

"ఏం చేయను నాయనా? గడప దాటేవారిని ఉత్త 'వెళ్ళు' అని పంపడానికి మన ఇంట ఎవరికీ నోరు రాదు."

అప్పటికి శిల బీటలు వారుతోంది. రాగి ఒక్క చిలుకకే మిగిలింది.

"నన్నేమని పంపుతావు రాజా?" అంది మూడవ చిలుక.

మణికేతుడు దాని రెక్క నిమిరాడు. "వెళ్ళు" అన్నాడు.

"అంతేనా?"

"అంతే."

"సరే. నా మీద కన్నీళ్ళు పడనీయకు, చిలుము పడుతుంది."

అది ఎగిరిపోయింది. ఒకనాడు శిల ఊపిరి పీల్చింది, మాంత్రికుడు కుప్పకూలాడు. హిరణ్మయి కళ్ళు తెరిచిన ఎన్నో మాసాలకు గాని చిలుక పలుకు శంఖాన్ని చేరలేదు: "దీపం కొండెక్కింది రాజా. ఇక్కడినుంచి మీ భూమి ఆవగింజంత."

వైభవంగా పెళ్ళయింది. వారు చాలాకాలం చల్లగా ఏలారు. ప్రతి సాయంకాలం మణికేతుడు శంఖాన్ని చెవికి ఆనించుకునేవాడు. "ఎనిమిదో సముద్రం కూడా ఉంది, ఎవరూ చెప్పలేదేం?" అనేది చిలుక, ఏటికేడు సన్నగిల్లే గొంతుతో. ఒక ఏడు ఆ గొంతూ ఆగిపోయింది.

తల నెరసిన మణికేతుడు ఒక సాయంకాలం శంఖంలోకి మెల్లగా, "వెళ్ళిరా తల్లీ" అన్నాడు.

"అంత దూరం వినబడుతుందా?" అంది హిరణ్మయి.

"తెలియదు. నాడు అనలేకపోయాను."

పిల్లలూ, ఆ మాట ఇంకా దారిలోనే ఉంది.