బయ్యన్న పంపిన ఆఖరి ఉత్తరం

పూర్వం ఒక రాజ్యంలో నలభై మంది వేదాంతులు నలభై ఊళ్లలో ఉండేవారు. ఒకరు అడిగిన ప్రశ్నను తాటాకుల మీద నకళ్లు తీసి, మిగతా అందరికీ పంపడం బయ్యన్న అనే లేఖకుడి పని. కొండమీద ఒంటిగదిలో ఏడేళ్లుగా అదే పని. వచ్చే జవాబుల్లో ఆత్మ గురించి బోలెడంత ఉండేది. బయ్యన్న గురించి ఒక్క ముక్కా ఉండేది కాదు.

ఆ నలభై మందిలో ఒకడైన ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి తన సిద్ధాంతం రాసి పంపాడు. మూడు నెలలైనా ఎవరూ బదులు రాయలేదు.

"మహారాజా, నా మాటకు తిరుగులేదు. అందరి నోళ్లూ మూతపడ్డాయి. ఇక ఈ ఉత్తరాల తతంగం ఆపించండి" అన్నాడు శాస్త్రి. రాజు సరేనన్నాడు.

కబురు విని కొండ దిగి వచ్చిన బయ్యన్న చేతులు జోడించాడు. "ప్రభూ, ఆపేశామని వాళ్లకు చెప్పాలి కదా. ఒక్క ఉత్తరం రాయనివ్వండి."

"రాసుకో" అన్నాడు శాస్త్రి, ఉత్తరీయం సవరించుకుంటూ.

బయ్యన్న ఇలా రాశాడు: 'శాస్త్రిగారి మాటే సత్యమని మీరందరూ ఒప్పుకున్నారు. అందుచేత చర్చ ముగిసింది.'

పది రోజుల్లో ముప్పైతొమ్మిది జవాబులు వచ్చిపడ్డాయి. "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అని అందరూ మండిపడ్డారు. శాస్త్రి ముఖం మాడిపోయింది. రాజు పగలబడి నవ్వి, ఉత్తరాలు సాగనిమ్మన్నాడు.

"ఈ కిటుకు నీకెలా తెలిసిందయ్యా?" అని బయ్యన్నను అడిగాడు.

"ఏడేళ్లుగా ప్రతి ఉత్తరం చివర 'నేను క్షేమం, మీరంతా క్షేమమేనా?' అని రాస్తున్నాను ప్రభూ. ఒక్కరూ బదులివ్వలేదు. కాదనడానికి అందులో ఏముంది?"

రాజు నవ్వు ఆగిపోయింది. "మరి ఇప్పుడేం రాస్తావు?"

"బయ్యన్న చచ్చిపోయాడని రాస్తాను. కాదని ఒక్కరైనా అంటారేమో చూడాలి."